ఆకు పెరిగినంత మాత్రాన

గత సంవత్సరం మన కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీలో ఒక విద్యార్థి, బొగ్గుపులుసు వాయువు మొక్కలకు ఆహారమనీ, గాలిలో అది ఎంత హెచ్చితే పంటలు అంత బాగా పండుతాయనీ ధాటిగా ఉపన్యసించి బహుమతి పొందాడు. న్యాయనిర్ణేతలలో మేమూ ఉన్నాము. మార్కులు వేసిన పాపంలో మాకూ భాగమున్నది కనుక, ఆ మాటను సరిచూడవలసిన బాధ్యత కూడ మాదేనని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి పురుగుల గొడవ ఎందుకని వృక్షశాస్త్ర మిత్రులు నవ్వవచ్చు. నవ్వితే నవ్వనిద్దాము.

ఆ విద్యార్థి చెప్పినదానిలో సగం నిజమే. కర్మాగారాలు లేని కాలంలో గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళున్న ఈ వాయువు, హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతం మీద 1958లో కొలతలు ఆరంభించేనాటికి 315కు చేరింది. 2024 నాటికి 420 దాటింది. వరి, వేరుసెనగ, ఆముదం వంటి పైరులు ఈ వాయువు హెచ్చితే మరింత పిండిపదార్థాన్ని తయారుచేసుకొని ఏపుగా పెరిగే మాట వాస్తవం. జొన్న, మొక్కజొన్నల దారి వేరు. వాటికి ఇందువలన ఒరిగేది స్వల్పం. అయితే పిండిపదార్థం పెరిగిన వేగంతో నేలనుండి నత్రజని రాదు. పాలలో నీళ్ళు కలిపితే చెంబు నిండుతుంది, పాలు పెరగవు. ఆకు సంగతీ అంతే. ఆకు తినే పురుగుకు కావలసినవి మాంసకృత్తులు. వాటికి మూలం నత్రజని. పలుచబడిన ఆకు దొరికిన పురుగు ఏమి చేస్తుంది? కొరత తీర్చుకొనేందుకు ఇంకొక ఆకు కొరుకుతుంది.

ఇది వట్టి ఊహ కాదు. మన నగరంలోనే, ఉప్పల్ నుండి ఎల్.బి. నగర్ మీదుగా వెళితే వచ్చే సంతోష్‌నగర్‌లో, 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడి కీటకశాస్త్రవేత్త ఎం. శ్రీనివాసరావు, ఆయన సహచరులు పైకప్పు తెరచిన పారదర్శకపు గదులలో ఆముదపు మొక్కలు పెంచారు. కొన్నిటిలో ఈ వాయువును 550 పాళ్ళకు, కొన్నిటిలో 700 పాళ్ళకు హెచ్చించారు. ఆ ఆకులను కోసి దాసరి పురుగుకూ, పొగాకు లద్దెపురుగుకూ మేతగా వేశారు. 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. ఆకులో నత్రజని తగ్గింది. దానితో పోల్చితే కర్బనం పెరిగింది. వగరునిచ్చే పదార్థాలు కూడ హెచ్చాయి. పురుగులు మామూలుకంటె ఎక్కువ ఆకు తిన్నాయి, ఎక్కువ రోజులు పురుగుదశలోనే ఉన్నాయి. తరువాత వేరుసెనగ మీద లద్దెపురుగుతో చేసిన పరీక్షలలోనూ ఇదే ధోరణి కనబడింది.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు గదులు కూడ లేకుండ, ఆరుబయట సోయాచిక్కుడు చేను చుట్టూ గొట్టాలమర్చి ఇదే వాయువును వదలి చూచారు. అక్కడ మొక్క తన్ను కాపాడుకొనే శక్తియే సన్నగిల్లిందని 2008లో ప్రకటించారు. పురుగు కడుపులో జీర్ణక్రియను అడ్డగించే పదార్థం తయారు కావడం తగ్గి, జపాను పెంకుపురుగుకు ఆ ఆకు సులువైన మేత అయినది. ఆముదంలో వగరు పెరిగితే సోయాలో రక్షణ తగ్గింది. రెంటిలోనూ ఆకుకే నష్టం.

గదిలో జరిగినదంతా చేలో జరుగుతుందని మేమనము. ఎక్కువ రోజులు పురుగుగానే ఉన్నది పక్షుల కంట కూడ ఎక్కువ రోజులు పడుతుంది. ఎండ ముదిరితే పురుగు త్వరగా ఎదిగి ఆ ఆలస్యాన్ని పూరించుకోనూవచ్చు. ఇన్ని మెలికలున్నచోట పంట పెరిగి తీరుతుందని బల్లగుద్ది చెప్పడమే మాకు సమ్మతం కాదు. రైతు అమ్ముకొనేది గింజను, ఆకును కాదు. నాచారం పారిశ్రామికవాడలో పనికి వెళ్ళే తండ్రుల పిల్లలతోపాటు, నల్లగొండ మెట్టచేలు విడిచి బతుకుదెరువుకు ఉప్పల్ చేరిన కుటుంబాల పిల్లలూ మన తరగతులలో ఉన్నారు. దాసరి పురుగు పడిన చేను ఈనెలు మాత్రం మిగిలి ఎలా ఉంటుందో వారికి మనం చెప్పనక్కరలేదు.

ఇక పాలకవర్గ పెద్దలకు ఒక మనవి. మన కళాశాల వెనుక గోడ పక్కన ఆముదపు మొక్కలు వాటంతట అవే మొలిచి ఉన్నాయి. ఉర్దూ విభాగం పిల్లలు వాటిని అరండీ అంటారు, మా పిల్లలు ఆముదమంటారు. దాసరి పురుగుకు ఈ భేదం లేదు. ఆ స్థలాన్ని స్కూటర్లు నిలిపేందుకు సిమెంటు చేయించాలనే ప్రతిపాదన ఉన్నట్లు విన్నాము. స్కూటర్లకు చోటు కావలసిందే, వాటిలో మాదీ ఒకటి. కాని మన జంతుశాస్త్ర విద్యార్థులు ఫార్మలిన్ సీసాలోని బొద్దింకను చూచారే తప్ప, ప్రాణమున్న పురుగు రోజుకు ఎంత తింటుందో కొలిచి ఎరుగరు. వాయువును హెచ్చించే సాధనాలు మనకు లేవు. అయినా, పశువుల ఎరువు వేసిన మొక్క ఆకునూ, వేయని మొక్క ఆకునూ వేరువేరు పెట్టెలలో పురుగులకు వేసి, గళ్ళకాగితం మీద ముందు గీచిన ఆకు అంచులతో మరునాటి ఆకును పోల్చి, తినిన గళ్ళను లెక్కపెట్టవచ్చు. ఇందుకు ప్రత్యేక నిధులు అడగము. ఆ గోడవెంట ఇరవై అడుగుల నేలను వచ్చే వానకారు ముగిసేవరకు విడిచిపెడితే చాలును. లెక్కపెట్టే పని తాను చేస్తానని బహుమతి పొందిన ఆ విద్యార్థియే ముందుకు వచ్చాడు. ఒక డజను గళ్ళకాగితాలు మేము కొనియిచ్చాము.