మూడో వారంలో వచ్చే చుట్టం

ఇంట్లో ఎవరికైనా కాలో చెయ్యో విరిగిందనుకోండి. మొదటి వారమంతా ఇల్లు తిరునాళ్లే! వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, బత్తాయిలూ, యాపిల్ పళ్లూ, హార్లిక్స్ సీసాలూ. "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అని ప్రతివారూ మనస్ఫూర్తిగానే అంటారు. రెండో వారానికి రాకపోకలు పలచబడతాయి. మూడో వారానికి గుమ్మంలో చెప్పుల జత కనబడదు. తప్పేం లేదు, ఎవరి సంసారాలు వాళ్లవి. కానీ మన తీరికని బట్టి ఎముక అతుక్కోదు కదండీ! మణికట్టు విరిగితే సుమారు ఆరు వారాలు పడుతుంది. తొడ ఎముకైతే మూడు నుంచి ఆరు నెలలు. అసలు సాయం కావలసింది ఆ మూడో వారం నుంచే.

దెబ్బ తగిలింది ఇల్లాలికైతే మరీను. మనకి సెలవు ఇచ్చేదెవరు? పిల్లల క్యారేజీలు, అత్తగారి మందులు, పాల లెక్క అన్నీ మంచం మీద నుంచే బుర్రలో తిరుగుతుంటాయి. "ఇంకెన్నాళ్లు అందరిచేతా చేయించుకోవడం?" అనుకుని, డాక్టరు వద్దన్నా లేచి వంటింట్లోకి నడిచి, అతుక్కుంటున్న ఎముకని మళ్లీ పాడుచేసుకున్నవాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

మా వీధిలో ఒకావిడ బాత్రూంలో జారిపడితే తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఎదురింటావిడ "ఏం కావాలి?" అని అడగలేదు. "రేపటి నుంచి పిల్లలిద్దరి క్యారేజీలూ నేనే కడతాను" అని చెప్పింది, అంతే. వెనకింటి మామ్మగారు రోజు విడిచి రోజు వచ్చి, చిక్కు తీసి జడ వేసేవారు. ఇంకొకావిడ సాయంత్రం చిక్కుడుకాయల చేట పట్టుకొచ్చి పక్కన కూచునేది. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఈవిడ చేస్తుంటే తను ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. అయ్యాక "ఈ కాయలు కాస్త ఈనెలు తీసిపెట్టు వదినా" అని చేట ఆవిడ ఒళ్లో పెట్టేది. చూడండి, ఎంత ఎరిగిన సాయమో! ఎప్పుడూ పుచ్చుకోవడమే అయితే మనిషి కుంగిపోతుంది. తన చేతులూ ఒకరికి పనికొస్తున్నాయంటే లేచి తిరగాలనిపిస్తుంది.

పరామర్శకి వెళ్లేటప్పుడు "మా పెద్దమ్మకీ ఇలాగే అయి మళ్లీ లేవలేదు" లాంటి కథలు గుమ్మం బయటే వదిలేయండి. "పప్పు తింటే చీము పడుతుంది" అని పథ్యాలూ పెట్టకండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు వద్దంటే తప్ప పప్పు, పాలు, గుడ్డు మానక్కర్లేదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంది. పళ్ల బదులు ఓ గిన్నెడు రాగిజావో, మునగాకు పప్పో పట్టుకెళ్లండి. కట్టు దగ్గర వేళ్లు వాచినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమనండి.

'మయూరి' సినిమా గుర్తుందా? 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం వల్ల నాట్యకళాకారిణి సుధాచంద్రన్ ఒక కాలు కోల్పోయారు. జైపూర్ కాలు అమర్చుకుని, నొప్పి ఓర్చుకుంటూ సాధన చేసి 1984లో మళ్లీ వేదికెక్కారు. 1985లో వచ్చిన ఆ సినిమాలో తన కథలో తానే నటించారు. ఆ కాలుని రూపొందించింది డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ అనే పనివాడూ కలిసి. పట్టుదల ఆవిడదే. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా "పాపం, ఆడపిల్ల!" అని జాలిపడి ఊరుకుంటే ఆ పట్టుదల దేన్ని ఊతంగా చేసుకుని నిలబడేది?

ఒకవేళ మంచం మీద ఉన్నది మీరే అయితే, అడిగినవాళ్లతో "అబ్బే, ఏం అక్కర్లేదండీ" అనకండి. "మంగళవారం కరెంటు బిల్లు కట్టిపెట్టండి", "చంటాణ్ణి బడి నుంచి తీసుకురండి" అని పని పేరు పెట్టి చెప్పండి. అడగడం చిన్నతనం కాదు. మీరు లేచాక ఆ పని ఇంకొకరికి చేద్దురుగాని.

ఈసారి మీ వీధిలో ఎవరికైనా కట్టు పడితే, క్యాలెండరులో ఇరవై ఒకటో రోజు చుట్టూ ఓ సున్నా చుట్టి పెట్టుకోండి. ఆ రోజు తప్పకుండా వెళ్లి తలుపు తట్టండి.