ఉల్లేఖనముల సంఖ్యయు, సత్యమును

పండితుని గొప్పతనమును నేడు పెక్కు విశ్వవిద్యాలయములు సంఖ్యతో కొలుచుచున్నవి. ఆయన ఎన్ని పరిశోధన పత్రములు ప్రకటించెను, వానిని ఇతరులు తమ రచనలలో ఎన్ని మారులు పేర్కొనిరి అనునవియే కొలబద్దలు. ఇట్లు పేర్కొనుటనే ఉల్లేఖన మందురు. 1955లో అమెరికా దేశస్థుడగు యూజీన్ గార్ఫీల్డు ఉల్లేఖనముల కొక సూచిక యుండవలెనని ప్రతిపాదించెను. 1964లో అట్టి సూచిక వెలువడెను. ఏ భావము ఎవరినుండి ఎవరికి చేరినదో తెలిసికొనుట కది మంచి సాధనము. 2005లో హర్ష్ అను భౌతికశాస్త్రవేత్త మరియొక లెక్క కట్టెను: ఒకని పత్రములలో ఇరువది పత్రములు, ఒక్కొక్కటి కనీసము ఇరువది మారులు ఉల్లేఖింపబడినచో ఆయన అంకె ఇరువది. నాటినుండి ఉద్యోగములకును, పదోన్నతులకును ఈ యంకెను చూచుట పెరిగినది.

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాని పేరు ఇట్టి పట్టికల కెక్కునా యని మమ్ము నడిగిన తల్లిదండ్రులు కలరు. వారి ఆందోళన మాకు తెలియనిది కాదు. కాని ఆ పట్టికలలో మిక్కిలి పైకెక్కిన యొకరి వృత్తాంతమును ముందుగా వినవలసినదని మా మనవి.

ఆయన పేరు బ్రయన్ వాన్సింక్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, మనుష్యులు అవసరమునకు మించి ఏల తిందురు, స్థూలకాయము నెట్లు తగ్గింపవచ్చును అను విషయములపై పత్రములు కుప్పతెప్పలుగా వెలువరించెను. తనంతట తాను నిండుచుండు గిన్నెలో సూపు పోసియిచ్చినచో జనులు తెలియకయే 73 శాతము అధికముగా త్రాగిరని 2005లో ఆయన బృందము ప్రకటించినది. ఆయన ఉల్లేఖనములు వేలకు చేరెను. 2007 నుండి 2009 వరకు అమెరికా వ్యవసాయశాఖలోని పోషకాహార విధాన కేంద్రమునకు ఆయనయే అధిపతి.

2016లో ఆయన, విఫలమైన యొక ప్రయోగపు లెక్కలను విద్యార్థిని యొకతె పలుమారులు తిరగవేసి పత్రములు సాధించిన తీరును మెచ్చుకొనుచు వ్రాసెను. పొగడ్తగా వ్రాసినదే సందేహమునకు మూలమైనది! వాన్ డర్ జీ, అనాయా, బ్రౌన్ అను ముగ్గురు ఆ పత్రములను పంక్తి పంక్తిగా చదివిరి. వారు వాడిన పరీక్షలలో నొకటి మన ఎనిమిదవ తరగతి పిల్లలు చేయదగినది. పదిమంది బాలురు తిన్న పండ్లను పూర్ణసంఖ్యలలో లెక్కించితి మనుకొందము. మొత్తమును పదిచే భాగించినచో సగటు 3.4 రావచ్చును, 3.5 రావచ్చును, 3.45 ఎన్నటికిని రానేరదు. వచ్చినదని అచ్చువేసినచో ఎక్కడనో తప్పున్నదన్నమాట. ఇట్టి సాధారణ గణితముతోడనే 2017లో నాలుగు పత్రములలో సుమారు 150 అసంగతములను వారు చూపిరి.

అంతతో ఆగలేదు. టెలివిజనులోని ఎల్మో బొమ్మ చీటీని యాపిలుపండుపై అంటించినచో బడిపిల్లలు దాని నెక్కువగా తీసికొందురని 2012లో వచ్చిన పత్రమొకటి కలదు. ఆ పిల్లలు ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వారని అందు వ్రాసిరి. తీరా చూడగా వారు మూడు మొదలు ఐదేండ్ల పసివారు! 2017లో దానిని ఉపసంహరించిరి. 2018 సెప్టెంబరులో అమెరికా వైద్యసంఘపు పత్రికలు ఒక్కమారే ఆరు పత్రములను ఉపసంహరించినవి. విశ్వవిద్యాలయము సయితము దుష్ప్రవర్తన జరిగినదని నిర్ణయించెను, ఆయన రాజీనామా చేసెను. తాను ఉద్దేశపూర్వకముగా మోసము చేయలేదని ఆయన వాదము. దాని నట్లే వ్రాయుట న్యాయము.

మెచ్చి పేర్కొన్నను, తప్పుపట్టి పేర్కొన్నను పట్టికకు ఒకటే. రెండును కూడికలోనే చేరును. ఉపసంహరించిన పత్రములను సయితము చదువక పేర్కొనువారు లేకపోలేదు. ఈ గొర్రెదాటు విద్వాంసులకును తప్పలేదు.

ఉల్లేఖనము సర్వము వ్యర్థమని మే మనము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కు అను ఆచార్యునితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. దశాబ్దములపాటు ప్రయోగశాలలవారు దానిని వాడిరి, వాడినందుననే పేర్కొనిరి. ఆయన 1948లో మరణించునాటికి సూచికయే లేదు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న. ఆ పట్టికలలో ఇంగ్లీషు పత్రికలకే పెద్దపీట. తెలుగున వచ్చిన ఆరోగ్యవ్యాస మొకటి వేయి యిండ్లలో వంట మార్చినను అచ్చట దానికి చోటు దొరకుట అరుదు. లోకమునకు చెప్పదలచినవాడు ఇంగ్లీషు నేర్వక తప్పదు; మన మున్న రాష్ట్రపు భాషయు కావలసినదే. అయినను 3.45 ఏల రానేరదో బాలునికి తెలియవలసినది తాను ఆలోచించు భాషలో. ఆ తెలివి లేనివాడు ఏ మాధ్యమమున చదివినను అచ్చైన ప్రతి యంకెకును తల వంచును. మన బడిలో పిల్లల సంఖ్య తగ్గినదని బెంగపడుటకు ముందు, ఉన్నవారికి ఈ లెక్క వచ్చునా యని మమ్ము నిలదీయుడు. అది మాకు సమ్మతము.

ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులారా! మీ యిండ్లలో ఒక వారము రోజులలో తిన్న పండ్లను ఏనాటి కానాడు చీటీలపై వ్రాసికొని, సగటు కట్టి, ఆ చీటీలతో సహా మాకు తెచ్చి యీయుడు. రాబోవు సంచికలో ప్రకటింతుము. చీటీలు జతపరచని సగటులను తిప్పి పంపెదము.