బోరు పాయింటు ఎవరిని అడగాలి?

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రైతు నిర్ణయం తీసుకునే తీరు దగ్గరుండి చూడాలి. గూళ్లు కుప్ప పోసుకొని పక్కనే నిలబడతాడు. వచ్చినవాళ్లు గుప్పెడు తీసి నొక్కి చూస్తారు, గట్టిదనం అంచనా వేస్తారు. వేలంలో పలికిన ధర నచ్చితే సరే, నచ్చకపోతే తల అడ్డంగా ఊపేస్తాడు. గూడు నిలవ ఉండే సరుకు కాదు. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకొని బయటపడుతుంది, ఇక దాంట్లోంచి దారం తీయలేరు. ఇక్కడే ఇచ్చేయాలా, రామనగరం తీసుకుపోవాలా అన్నది అక్కడికక్కడ తేల్చుకోవాలి. తేల్చుకుంటాడు కూడా, ఎవరినీ అడగకుండానే.

అదే రైతు బోరు వేయించాల్సి వచ్చినప్పుడు ఊరూ పేరూ సరిగ్గా తెలియని మనిషి ముందు చేతులు కట్టుకొని నిలబడతాడు. ఆ వచ్చినాయన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని చేనంతా మెల్లగా నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. ఇంకొకాయన పంగల పుల్ల పట్టుకుంటాడు. లేచినచోట రాయి పెట్టి, పసుపూ కుంకుమా చల్లుతారు.

“సామీ, రెండించులన్నా పడతాయా?”

“పడతాయి పోప్పా. మూడొందల అడుగులు దిగేలోపే పడతాయి.”

ఆ ఒక్క మాట మీద అప్పు పుడుతుంది, తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ చేలోకి దిగుతుంది. రాయి పొడి ఎగజిమ్ముతూనే ఉంటుంది. మూడొందలు దాటుతుంది, ఐదొందలు దాటుతుంది. మీటరు మాత్రం అడుగు లెక్కన తిరుగుతూనే ఉంటుంది.

జనానికి సొంత ఆలోచన లేదనీ, అందుకే ఎవరో ముక్కూ మొహం తెలియనివాణ్ని అడుగుతారనీ చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. గూళ్ల మార్కెట్లో గంటలో తేల్చుకున్న మనిషికి చేలోకొచ్చేసరికి బుద్ధి ఎక్కడికి పోతుంది? పోలేదు. గూళ్లు కళ్లెదుట ఉన్నాయి, ధర చెవిన పడింది, ఏడాదికి నాలుగైదు పంటలు తీసే అనుభవం ఉంది. ఈసారి నష్టపోతే వచ్చే పంటకు సర్దుకోవచ్చు. భూమి లోపల ఏముందో కంటికి కనబడదు. బోరు జీవితంలో ఏ కొద్దిసార్లో వేయిస్తాం, తప్పితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. అరుదుగా వచ్చేదీ, కంటికి కనబడనిదీ, తప్పితే కొంప ముంచేదీ అయిన నిర్ణయం దగ్గరే మనిషి పరాయివాడి మాట కోసం చూస్తాడు.

అసలు మన నేల తీరే అలాంటిది. పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. నీళ్లు ఉంటే పైనున్న మెత్తబడిన పొరలో ఉంటాయి, లేదా రాతి పగుళ్లలో ఉంటాయి. పక్క చేలో పడిన నీళ్లు మన చేలో పడకపోవచ్చు. భూమిలోకి కరెంటు పంపి కొలిచే భూగర్భ శాస్త్రజ్ఞుడు కూడా “ఇక్కడ అవకాశం ఎక్కువ” అనే చెప్పగలడు. కొబ్బరికాయ ఆయన “పడతాయి” అంటాడు. పరీక్ష పెట్టి చూసినచోట ఈ విద్య నిలబడలేదు. అయినా పెళ్లాం మెడలో గొలుసు కుదువ పెట్టబోయేవాడికి “అవకాశం” అన్న మాట ఎంతమాత్రం ధైర్యమివ్వదు.

ఇంట్లోవాళ్లనే అడగొచ్చు కదా అంటారు. తమ్ముడు చూపిన చోట బోరు ఫెయిలైతే ఆ మాట భాగాలు పంచుకునే రోజున లేస్తుంది, పెళ్లి పందిట్లో లేస్తుంది. మామ వద్దన్నాక వేయిస్తే అంతకంటే కష్టం. పరాయివాడు తాంబూలం, డబ్బు పుచ్చుకొని వెళ్లిపోతాడు. నీళ్లు పడకపోతే నింద అతనితోనే ఊరు దాటిపోతుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పరాయివాడి దగ్గర మనం తీసుకునేది సలహా ఒక్కటే కాదు, నింద మోసే భుజం కూడా.

పరాయివాళ్లను అడగడం బోరు దగ్గరే ఆగదు. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ అనే ప్రశ్నలు-జవాబుల శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. తల్లికీ అత్తకూ చెప్పుకోలేనిది ఆడవాళ్లు ఎన్నడూ చూడని ఆవిడకు కాగితం మీద పెట్టారు. ఆవిడకు వాళ్ల పొలంలో వాటా లేదు, వాళ్ల సంబంధంలో కట్నం లేదు. ఆ జవాబుకు విలువ వచ్చింది అందుకే. ధర్మవరం జంక్షన్‌లో బెంగళూరు రైలెక్కిన నేతగాడు పక్క సీటాయనను “మావోణ్ని మగ్గం మీదే కూచోబెట్టాల్నా, కియాలో పనికి పంపాల్నా?” అని అడుగుతాడు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పి పెనుకొండలో దిగిపోతాడు. అది మంచి సలహానా కాదా అన్నది వేరే సంగతి. చెప్పినవాడికి అందులో పైసా లాభం లేదు.

నా బాధంతా ఇక్కడి నుంచే. పరాయివాడి బలం అతనికి మన నిర్ణయంలో స్వార్థం లేకపోవడం. ఇప్పుడు మనం అడుగుతున్న పరాయివాళ్లు చాలామంది మన జవాబు మీద బతికేవాళ్లు. పాయింటు చూసేవాడికి రిగ్గు ఏజెంటు కమీషను ఇస్తే అతను “వద్దు” అని ఎలా అంటాడు? తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పేది ఆ మందు అమ్మే అంగడాయనే. 2017లో కియా ఒప్పందం కుదిరి ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల భూముల మాట మారింది. ఇప్పుడమ్మాలా, ఆగాలా అని రైతు అడిగేది రెండువైపులా కమీషను తీసుకునే బ్రోకరును.

వేరే దారి మన జిల్లాలోనే నడిచింది. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో అప్పటి అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో ‘ఏపీఫామ్స్’ ప్రాజెక్టు పనిచేసింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలిచి ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చొని భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసుకొని చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు వాళ్లంతట వాళ్లే మళ్లారు. కనబడని నీళ్లు బోర్డు మీద కనబడేసరికి గూళ్ల మార్కెట్లోని రైతు చేలోకీ వచ్చాడు.

ప్రాజెక్టులు ముగుస్తాయి. చట్టం ఉంది: 2002 నాటి వాల్టా ప్రకారం బోర్లు నమోదు కావాలి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జలకళ బోర్ల పథకంలోనైతే బోరు వేసేముందు భూగర్భ సర్వే తప్పనిసరి అన్నారు. ఆ సర్వేల కాగితాలు ఆఫీసు ఫైళ్లలో కాక ఊళ్లో గోడ మీద ఉండాలి. ఏ సర్వే నంబరులో బోరు వేశారు, ఎన్ని అడుగులకు నీళ్లు తగిలాయి, ఏ ఏడాది ఎండిపోయింది, ఇవి చాలు. ఫెయిలైన బోర్ల లెక్క మరీ ముఖ్యం. దాన్ని ఎవడూ చెప్పడు.

రిగ్గుకు అడ్వాన్సు ఇవ్వకముందే మీ చేను చుట్టూ ఉన్న ఎండిన బోర్ల యజమానులను అడగండి. వాళ్లకు మీతో వచ్చే కమీషను లేదు. రైతు సేవా కేంద్రం గోడ మీద ఆ లెక్క రాయించమని వచ్చే గ్రామసభలో లేచి నిలబడి అడగండి.