తీగ నేర్చిన కొత్త నడక

1992లో అమెరికాలో విడుదలైన ఒక ఆల్బమ్‌ను ఏ అరలో సర్దాలో రికార్డుల దుకాణాల వారికి ఒక పట్టాన తేలి ఉండదు. దాని పేరు ‘పీసెస్ ఆఫ్ ఆఫ్రికా’. వాయించింది శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్రోనోస్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. హైడన్, బీథోవెన్‌ల కాలం నుంచీ యూరప్ శాస్త్రీయ సంగీతంలో అతి గంభీరమైనదని పేరుపడిన నలుగురి మేళం అది. స్వరకర్తలు మాత్రం వియన్నా, బెర్లిన్‌ల వారు కారు. జింబాబ్వే, మొరాకో, గాంబియా, ఉగాండా, ఘనా, దక్షిణాఫ్రికా, నైలు నది ఒడ్డునున్న నూబియా వాళ్ల స్వస్థలాలు. బిల్‌బోర్డ్ పత్రిక జాబితాల్లో ఆ ఆల్బమ్ శాస్త్రీయ విభాగంలో మొదటి స్థానానికి ఎక్కింది, ప్రపంచ సంగీత విభాగంలోనూ ఎక్కింది. అరలు అమ్మేవాళ్లకు కావాలి గానీ వినేవాళ్లకు అక్కర్లేదని తేలిపోయింది.

అంతకుముందు ఇటువంటి ప్రయత్నాలు లేవని కాదు. నైజీరియాలో పుట్టి లండన్ చేరిన ఫెలా షోవాండే చర్చిలో ఆర్గాన్ వాయించాడు, జాజ్ బృందాలను నడిపాడు. 1944లో తీగ వాద్యాలకూ హార్ప్‌కూ కలిపి ‘ఆఫ్రికన్ సూట్’ రాశాడు. ఘనా స్వరకర్త ఎఫ్రయిమ్ అము బాణీలు అందులో వినిపిస్తాయి. అయితే ఇలా ఆఫ్రికా బిడ్డే కలం పట్టిన సందర్భాలు తక్కువ. ఎక్కువసార్లు అక్కడి నుంచి ఒక బాణీనో దరువునో తెచ్చుకుని, మిగతా కచేరీ అంతా యూరప్ పద్ధతిలోనే నడిపించారు. క్రోనోస్ చేసిన మంచి పని ఆ వరసను మార్చడం. జింబాబ్వేకు చెందిన డుమిసాని మరైరే, మొరాకో నుంచి హసన్ హక్మూన్, గాంబియా నుంచి ఫోడే మూసా సూసో, ఘనా నుంచి ఒబో అడ్డీ, నూబియా నుంచి హంజా ఎల్ దీన్ తమ రచనలు ఇవ్వడమే కాక, తమ వాద్యాలతో ఆ నలుగురి పక్కన కూర్చుని వాయించారు. అతిథులుగా కాదు, గురువులుగా.

నేర్పడానికి వారి దగ్గర చాలా ఉంది. ఆఫ్రికా లయ అనగానే జోరు, ఊపు అని మెచ్చుకుని ఊరుకుంటాం. అసలు సంగతి లెక్కలో ఉంది. పశ్చిమాఫ్రికాలో ఎవే, యోరుబా జనాల మేళాల్లో ఇనుప గంట పన్నెండు మాత్రల ఆవృత్తంలో ఏడు దెబ్బలు పలుకుతుంది. ఆ ఏడింటి మధ్య ఎడం ఒకేలా ఉండదు. దానిమీద ఒక మద్దెల మూడు లెక్కన, మరొకటి రెండు లెక్కన నడుస్తాయి. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు చతురశ్రంలోంచి తిశ్రంలోకి వెళ్లి, కాసేపు ఊరించి, సమం దగ్గర మళ్లీ వచ్చి కలుస్తాడు. మనం ‘భళా’ అంటాం. అక్కడ అలా వెళ్లి రావడమంటూ లేదు. రెండు నడకలూ మొదటి నుంచి చివరిదాకా పక్కపక్కనే సాగుతాయి. అసలు తాళం ఏదని అడిగితే ఆడుతున్న కాళ్లను చూడమంటారు.

జింబాబ్వేలో షోనా ప్రజలు వాయించే ఎంబీరాది మరో తీరు. చెక్కపలక మీద బిగించిన సన్నని లోహపు పట్టీలను బొటనవేళ్లతో, చూపుడువేలితో మీటుతారు. ఇద్దరు కలిసి కూర్చుంటే ఒకరిది ‘కుషౌరా’, అంటే ముందు నడిపే వంతు. రెండోవారిది ‘కుట్సిన్‌హిరా’, ఆ స్వరాల సందుల్లో తన స్వరాలు పడేట్టు వెంబడించే వంతు. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒక రోకలి లేచిన క్షణాన రెండోది దిగినట్టు సాగుతుంది. వింటూ ఉండగా, ఆ ఇద్దరిలో ఎవరూ విడిగా వాయించని మూడో బాణీ ఒకటి చెవిలో తయారవుతుంది. ఇటువంటి సంగీతాన్ని వాయించాలంటే మొదటి వయొలిన్ పాడుతుంటే మిగతావి వంత పాడే అలవాటు పనికిరాదు. పాట నలుగురి మధ్య ముక్కలై ఉంటుంది. కమాను గీసే చెయ్యి దరువు వేయడం నేర్చుకోవాలి. చిన్నప్పటి నుంచి తీయదనం కోసం సాధన చేసిన విద్వాంసులకు ఇది కష్టమైన పాఠం.

మరి ఈ పాఠం తీగ వాద్యాలకే ఎందుకు ఒంటబట్టింది? వయొలిన్ మెడ మీద మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆనితే అక్కడ స్వరం. పియానోలో శ్రుతులు బిగించేసి ఉంటాయి. ఎంబీరా శ్రుతులు వాటిలో ఇమడవు, ఒక ఎంబీరా శ్రుతి ఇంకొకదానితో కలవాలనీ లేదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లజాతి స్వరకర్త కెవిన్ వోలాన్స్ 1982లో ‘వైట్ మ్యాన్ స్లీప్స్’ రాసినప్పుడు రెండు హార్ప్సికార్డ్‌ల శ్రుతినే మార్చుకోవలసి వచ్చింది. 1986లో దాన్ని క్రోనోస్ నలుగురి కోసం తిరగరాశాడు. ఆ పేరు వెనుక ఒక ఆచారం ఉంది. న్యాంగా పిల్లంగోవుల బృందం ఆటమధ్యలో వాయించడం ఆపి, కాలి గజ్జెల చప్పుడుతోనే కొన్ని ఆవృత్తాలు ఆడుతుంది. భూస్వామి అయిన తెల్లదొర కాసేపు నిద్రపోవాలి కదా అని! లయలో ఇంత వెటకారం దాగి ఉంటుందని ఊపును మాత్రమే విన్నవారికి తెలియదు.

దక్షిణాఫ్రికా దగ్గర లయతోపాటు హార్మొనీ కూడా ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీ బడులు నాలుగు గొంతుల చర్చి కీర్తనలను తెచ్చాయి. అక్కడి జనం వాటిని యథాతథంగా ఉంచలేదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే తమ పాట పద్ధతిలోకి లాక్కున్నారు. మన భజనలకూ కోలాటాలకూ తెలిసిన పద్ధతే అది. ఎనోక్ సొంటోంగా 1897లో కూర్చిన ‘ఎంకోసి సికెలెలి ఆఫ్రికా’ ఆ కలయికలో పుట్టి, నేడు ఆ దేశ జాతీయగీతంలో భాగమైంది. ఆ తరవాత నగరాల్లో పుట్టిన క్వేలా, ఎంబకాంగా బాణీల్లోనూ మూడు నాలుగు కార్డ్‌లే చక్రంలా తిరుగుతూ కొత్త కొత్త మాటలు చెబుతాయి.

వర్ణవివక్ష రోజుల్లో నల్లవారి బస్తీ సొవెటోలో పిల్లవాడి చేతికి వయొలిన్ రావడమే గగనం. అయినా మైకేల్ మసోటే వంటి గురువులు నేర్పుతూనే వచ్చారు. ముగ్గురు ఖెమెసె సోదరులు, మఖోసిని ఎంగుని కలిసి సొవెటో స్ట్రింగ్ క్వార్టెట్‌గా ఏర్పడ్డారు. మొజార్ట్ నేర్చిన వేళ్లతోనే క్వేలా వాయించారు. 1994లో మండేలా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన వేడుకల్లో వారి వాద్యం మోగింది. బ్రిటన్‌కు చెందిన వయోలా కళాకారిణి రోజ్‌మెరీ నాల్డెన్ కథ ఇంకోటి. సొవెటోలో పిల్లల వయొలిన్ తరగతులు డబ్బుల్లేక ఇబ్బంది పడుతున్నాయని తెలిసి, 1992లో తోటి కళాకారులను కూడగట్టి రైల్వే స్టేషన్లలో వాయించి చందాలు పోగుచేశారు. 1997లో సొవెటోలోని డీప్‌క్లూఫ్‌లో ‘బస్కెయిడ్’ సంగీత పాఠశాల వెలిసింది. ఆ పిల్లలు 2007లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కారు. 1992లో జన్మించిన ఏబెల్ సెలావుచే ఇప్పుడు ఈ పరంపరకు ముందు వరసలో ఉన్నాడు. చెల్లో వాయిస్తూనే పాడతాడు, చెల్లో ఒంటిమీదే దరువు వేస్తాడు, బాఖ్‌నూ తన ఊరి పాటనూ ఒకే కచేరీలో వినిపిస్తాడు.

ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. శాస్త్రీయం యూరప్‌ది, లయ ఆఫ్రికాది అన్నట్టు మాట్లాడితే సగమే నిజం. మాలి, గాంబియా ప్రాంతాల కోరా ఇరవై ఒక్క తీగల వాద్యం. పెద్ద సొరకాయ బుర్రకు తోలు బిగించి చేస్తారు. దాన్ని వాయించే జెలీ కుటుంబాల్లో విద్య తండ్రి నుంచి కొడుకుకు తరతరాలుగా దిగుతూ వస్తోంది. రాజవంశాల చరిత్ర వాళ్ల నోటనే నిలిచింది. దాన్ని శాస్త్రీయం అనకపోతే ఇంక దేన్నంటాం? 2009లో వచ్చిన ‘ఛాంబర్ మ్యూజిక్’ ఆల్బమ్‌లో బల్లాకే సిసోకో కోరాతో ఫ్రెంచి కళాకారుడు వాన్సాఁ సెగాల్ చెల్లో చేసిన సంభాషణ వింటే ఎవరు ఎవరికి సహకరిస్తున్నారో చెప్పలేం. 2024లో కన్నుమూసిన టుమానీ డయాబటే 2008లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించిన కచేరీ 2021లో ఆల్బమ్‌గా వచ్చింది. అక్కడ కోరా ముందు, ఆర్కెస్ట్రా వెనుక.

పరాయి వాద్యాన్ని మనదిగా చేసుకోవడం దక్షిణాదివారికి కొత్తేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చిన వయొలిన్ ఇవాళ కర్ణాటక సంగీత కచేరీకి ప్రాణం. కుర్చీ దిగి చాప మీద కూర్చుంది, శ్రుతి మార్చుకుంది, గమకం పలికింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో పక్కవాద్యం స్థానం దాటి తానే కచేరీ అయింది. ఇక ఆఫ్రికా లయ హైదరాబాదుకు ఎప్పుడో వచ్చేసింది. నిజాం కాలంలో ఆఫ్రికన్ అశ్విక దళం ఉన్న చోటే నేటి ఏసీ గార్డ్స్. ఆ దళంలోని సిద్దీల వారసులు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు కలిసి నిలిపిన మర్ఫా దరువు లేకుండా పాతబస్తీలో పెళ్లి ఊరేగింపు కదలదు. పెళ్లిళ్లలో ఆ దరువుకు చిందేసేవారిలో దాని వెనకున్న ఖండాన్ని తలచుకునేవారు తక్కువ.

తలచుకోకపోతే ఏం పోతుంది? సొలొమన్ లిండా కథ చెబుతుంది. ఈ జులూ గాయకుడు 1939లో జోహానెస్‌బర్గ్‌లో ‘ఎంబూబే’ పాట రికార్డు చేశాడు. తరవాత అమెరికాలో అదే ‘ది లయన్ స్లీప్స్ టునైట్’గా మారి, ప్రపంచమంతా మోగి, ‘ది లయన్ కింగ్’ సినిమాలోనూ చేరింది. లిండా మాత్రం 1962లో పేదరికంలోనే పోయాడు. అతని కుమార్తెలు కోర్టుకెక్కాక, 2006లో గానీ రాజీ కుదిరి రాయల్టీ దారి పట్టలేదు. బాణీ ప్రయాణించింది, బాణీ కట్టినవాడి పేరు ప్రయాణించలేదు. కలయిక పేరుతో జరిగే దోపిడీ ఇదే.

కనుక ఏ సంగీతమైనా కలవవచ్చా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎప్పుడూ కలుస్తూనే ఉంది. మంచి కలయికను గుర్తుపట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. వచ్చినవారు అక్కడి లెక్క నేర్చుకున్నారా, లేక దరువును అలంకారంగా తగిలించారా? కూర్చినవారి పేరు అట్ట మీద ఉందా? వచ్చిన డబ్బులో వారి వాటా వారికి అందిందా? మూడింటికీ అవునని చెప్పగలిగినవి కాలానికి నిలుస్తాయి, మిగతావి మోజు తీరగానే మరుగున పడతాయి.

మన సంగీత కళాశాలలు ఈ పాఠాన్ని దూరదేశాల వార్తగా విని వదిలేయకూడదు. వయొలిన్ విద్యార్థి తరగతికి మర్ఫా వాయించే ఉస్తాదును, డప్పు కళాకారుణ్ని పిలిపించాలి. వారిని వేడుక రోజున గేటు దగ్గర వాయించేవారిగా కాక, పాఠం చెప్పే గురువులుగా పిలవాలి. వేదిక మీద వారి పేరు చదవాలి, విద్వాంసుడికి ఇచ్చే పారితోషికమే వారికీ ఇవ్వాలి. సొవెటోలో ఒక బడి చేయగలిగిన పనిని విజయనగరం, హైదరాబాద్ చేయలేవని ఎవరంటారు?