నలభై దాటిన ఇల్లాలికి ఒక గంట తీరిక

నేను వైద్యవృత్తిలో ఉన్న రోజుల్లో, నలభై దాటిన స్త్రీల నోట తరచుగా విన్న ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, గర్భసంచి తీయించేసుకుంటే ఈ పీడ విరగడవుతుందంటున్నారు, నిజమేనా?" నెలసరి లెక్క తప్పడం, ఒక నెల అతిగా రావడం, మరొక నెల అసలే రాకపోవడం, రాత్రివేళ ఒళ్లంతా ఆవిర్లు కమ్మి చెమటతో మెలకువ రావడం, కీళ్ల నొప్పులు, తనకే అర్థం కాని చిరాకు. వీటన్నిటికీ ఇరుగుపొరుగు చెప్పే మందు ఆ శస్త్రచికిత్స ఒక్కటే. ఆ మాటను ఖండించడానికే ఈ వ్యాసం.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే దానిని రుతువిరతి, అంటే ముట్లుడగడం అంటాము. మన దేశపు స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్లకు సంభవిస్తుంది. దానికి ముందు కొన్నేళ్లపాటు సాగే సంధికాలమే పెరిమెనోపాజ్. చాలామందిలో ఇది నాలుగేళ్ల వరకు, కొందరిలో ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది. కాబట్టి నలభై రెండేళ్ల వయసులోనే ఈ లక్షణాలు మొదలైతే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ దశలో అండం ప్రతి నెలా క్రమంగా విడుదల కాదు. విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ తగినంత తయారు కాక, గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఆపైన అధిక రక్తస్రావంగా బయటపడుతుంది. ఈస్ట్రోజెన్ ఒకనాడు ఎక్కువగా, మరొకనాడు తక్కువగా ఊగిసలాడుతుంది. దాని ప్రభావంతో మెదడులో శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసే కేంద్రం అతిసున్నితంగా మారి, కొద్దిపాటి వేడికే ఒళ్లంతా చెమట పట్టిస్తుంది. మన ఇళ్లలో దీనిని "వేడి చేసింది" అనుకొని నువ్వులు, గుడ్లు మానేస్తారు. ఇది తిండివల్ల పుట్టిన వేడి కాదు. ఆ ఆహారాన్ని మానడంవల్ల ఎముకలకు, కండరాలకు నష్టమే తప్ప ఆవిర్లు తగ్గవు. 45 ఏళ్లు దాటిన స్త్రీలో ఈ లక్షణాలు స్పష్టంగా ఉంటే హార్మోన్ పరీక్షలు కూడా సాధారణంగా అవసరం లేదు. రోజురోజుకూ మారే అంకెను ఒకసారి కొలిచి తెలుసుకునేది స్వల్పం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించిన వారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. మన స్త్రీల గర్భసంచులకు ప్రత్యేకమైన జబ్బేమీ లేదు. తొందరపాటు మాత్రం ఉంది. అనవసరమైన ఈ శస్త్రచికిత్సలను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. క్యాన్సర్ వంటి స్పష్టమైన కారణం ఉన్నప్పుడు ఆ శస్త్రచికిత్స ప్రాణరక్షకమే. కాని నెలసరి లెక్క తప్పిందన్న కారణంతో, అండాశయాలతో సహా తీయించుకున్న స్త్రీకి రుతువిరతి ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ఎముకల బలహీనత, గుండెజబ్బుల ముప్పు ముందుగానే మొదలవుతాయి.

మరి ఏం చేయాలి? దైనందిన జీవితంలో కొన్ని మార్పులు నిజంగానే మేలు చేస్తాయి. అయితే ఏది దేనికి పనికివస్తుందో నిజాయితీగా చెప్పుకోవాలి. రోజూ అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకు చేతులానించి తోయడం వంటివి చాలు. ఇవి నిద్రకు, మనసుకు, ఎముకలకు, రక్తపోటుకు మంచివి. నడక ఒక్కటే ఆవిర్లను తగ్గిస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను, అందుకు గట్టి ఆధారం లేదు. అధిక బరువు ఉన్నవారు కొంత తగ్గితే ఆవిర్లు తగ్గే అవకాశం ఉంది. ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్స కూడా ఆవిర్ల బాధను తగ్గిస్తుంది.

ఆహారం విషయానికి వస్తే, వయోజన స్త్రీకి రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన తరువాత 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలను అనుసరించి 2020 నుంచి చెబుతున్నాము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పెరుగు, నువ్వులు, మునగాకు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు దానికి తోడవుతాయి. ప్రతి పూటా పప్పో, గుడ్డో, పెరుగో, చేపో కంచంలో ఉండాలి. అధిక రక్తస్రావం ఉన్నవారు రక్తహీనత పరీక్ష తప్పక చేయించుకోవాలి. మన రెండు రాష్ట్రాలలోనూ సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతోనే ఉన్నారు. రాత్రి భోజనం పెందలాడే ముగించడం, సాయంత్రం తరువాత టీ, కాఫీ మానడం నిద్రకు తోడ్పడతాయి.

ఇదంతా నేను ఎన్నో ఏళ్లపాటు మందుల చీటీ మీద రాసి ఇచ్చాను. ఒకసారి ఒకావిడ ఆ చీటీని పూర్తిగా చదివి, "ఇవన్నీ ఎప్పుడు చేయమంటారు డాక్టరుగారూ? తెల్లవారకుండా లేస్తే రాత్రి పది దాటాక గాని నడుం వాల్చను" అని అడిగింది. పక్కనే ఉన్న భర్త నవ్వి, "ఇంట్లో పని వ్యాయామమే కదండీ" అన్నాడు. నేను ఆ రోజు సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: కాదు. ఇంటి చాకిరీ అలసటనిస్తుంది గాని, ఎముకలకు కావలసిన బరువు, గుండెకు కావలసిన వేగం, మనసుకు కావలసిన విరామం ఇవ్వదు. అంతేకాదు, అందరూ తిన్నాక కూర్చునే ఇల్లాలి కంచంలోకి చేరేది చారు, మజ్జిగే. కూర, గుడ్డు ముందే చెల్లిపోతాయి. జీవనశైలి మార్చుకోమని ఆమెకు సలహా ఇచ్చి, ఆమె జీవితాన్ని నడిపే ఇంటిని అలాగే ఉంచితే ఆ సలహా వట్టి కాగితమే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా ఇది: ఈ మార్పులకు బాధ్యులు ఇంటిల్లిపాదీ. ఉదయం ఒక గంటపాటు వంటింటి పని మరొకరు చూసుకోవాలి. ఆమె అందరితో కలిసి కూర్చొని తినాలి. రాత్రి చెమటతో లేచే మనిషి కిటికీ పక్కనో, ఫ్యాను కిందో పడుకునేలా ఏర్పాటు చేయాలి. "చిరాకు పడకు" అనడానికి బదులు "నిన్న రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగాలి. ఇవేవీ డబ్బు ఖర్చయ్యేవి కావు. మా అమ్మమ్మలకు ఇవన్నీ లేవుగా అనేవారికి ఒక్క మాట: ఉండేవి. ఎవరూ వారిని అడగలేదు, వారు చెప్పలేదు.

చివరగా ఒక హెచ్చరిక. జీవనశైలి పేరు చెప్పి వైద్యాన్ని వాయిదా వేయడం కూడా తప్పే. గంటకో ప్యాడు తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటి స్రావం ఆగకపోయినా, నెలసరుల మధ్యలో గాని కలయిక తరువాత గాని రక్తం కనిపించినా, ముట్లుడిగి ఏడాది గడిచాక మళ్లీ రక్తం కనిపించినా, నలభై ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినా వెంటనే స్త్రీవైద్య నిపుణులను కలవాలి. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం ఉంది. భరించలేని ఆవిర్లకు హార్మోన్ చికిత్స ఉంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వంటి అడ్డంకులు లేనివారికి, అరవై ఏళ్లలోపు, ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెడితే సాధారణంగా దానివల్ల హాని కన్నా మేలే ఎక్కువ. శస్త్రచికిత్స మాట ఎవరైనా ఎత్తితే, "దీనికి ముందు ఇంకేం చేయవచ్చు?" అని అడగండి. జవాబు తృప్తికరంగా లేకపోతే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు.

ఈ వ్యాసం చదివినవారిలో పురుషులుంటే, రేపు ఉదయం టీ మీరు పెట్టండి. ఆమెను నడకకు పంపండి. తిరిగి వచ్చేసరికి గిన్నెలు కూడా కడిగి ఉంటే మరీ మంచిది.