కరివేపాకుకు పురుగుమందు చిక్కు

గుంటూరు జిల్లా పెదవడ్లపూడి వైపు తోటల కరివేపాకుకు రంగులోగానీ ఘాటులోగానీ వంక పెట్టేందుకు లేదు. చిక్కంతా పురుగుమందుతోనే. రసం పీల్చే సిల్లిడ్ పురుగు చిగుళ్లపై పడితే ఆకు ముడుచుకుంటుంది. అలాంటి కట్టను బేరగాడు ముట్టడు. రైతు మందు డబ్బా పట్టక ఏం చేస్తాడు?

ఎగుమతికి ఇదే అడ్డు. యూరపు సంఘం 2014లోనే భారత బెండకాయ, కరివేపాకులకు అవశేషాల పరీక్ష ఫలితం, ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. పచ్చి ఆకు రోజుల తరబడి నిలవ ఉండే సరుకు కాదు కనుక జాగ్రత్త తోటలోనే మొదలుకావాలి. కోతకు తగినంత ముందుగా మందు ఆపిన రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువివ్వని వ్యాపారి, సరుకు తిరిగొచ్చాక రైతును నిందించడం న్యాయం కాదు.

స్థానిక బజారులో కట్టను పరీక్షించి కొనే ఆచారమే లేదు. కూరలో ఆకును ఏరిపారేయవచ్చు. అరుగుదలకు మంచిదని కొట్టుకునే పొడిలో మాత్రం ఆకంతా కడుపులోకే పోతుంది.