పాడని పిల్లల పక్షాన

జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 2013 ఏప్రిల్ 13న హైదరాబాదులో కన్నుమూశారు. జడ్జి పోయినప్పుడు మన దగ్గర జరిగే తంతు తెలిసిందే. ఫుల్ కోర్టు సమావేశం, బార్ అసోసియేషన్ హాల్లో సంతాప సభ, 'న్యాయకోవిదుడు' అంటూ నాలుగు మాటలు, రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత ఆ పేరు లా రిపోర్టుల అట్టల మధ్యకు వెళ్లిపోతుంది. ఆయన విషయంలో మాత్రం ఆ అట్టలు మూతపడనే లేదు. ఎవరో ఒకరు, ఏదో ఒక కోర్టులో, తెరుస్తూనే ఉన్నారు.

అనంతపురం జిల్లా గుత్తిలో 1922లో పుట్టారు. 1967లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఎమర్జెన్సీలో ప్రభుత్వం వాళ్ల సమ్మతి అడక్కుండా పదహారు మంది హైకోర్టు న్యాయమూర్తుల్ని బదిలీ చేసింది. వాళ్లలో ఈయనా ఉన్నారు. హైదరాబాదు నుంచి చండీగఢ్ పంపారు. పాలకులకు నచ్చే తీర్పులు రాసేవాణ్ణి అంత దూరం పంపరు కదా! 1978 జులైలో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1987 సెప్టెంబరులో రిటైరయ్యారు.

న్యాయమూర్తిని స్నేహితుడనడం మర్యాద కాదంటారు. వాదికీ ప్రతివాదికీ సమదూరంలో కూర్చోవలసినవాడు గనక. అయినా ఢిల్లీలో తెలిసిన వకీలు లేనివాళ్లకు, కోర్టు భాష తలకెక్కనివాళ్లకు ఆ తొమ్మిదేళ్లూ ఆయన స్నేహితుడే. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కృష్ణయ్యర్, భగవతి, దేశాయిల పక్కన ఈయన పేరు చెబుతారు. కృష్ణయ్యర్ ఇంగ్లిషులో మెరుపులెక్కువ, ఒక్కోసారి ఆ మెరుపులకు కళ్లు చెదిరి దారి తప్పుతాం. చిన్నపరెడ్డి వాక్యం అలా కాదు. మామూలు చదువరి వేలు పట్టుకుని కేసులోకి తీసుకెళుతుంది. ఓడినవాడికి కూడా తానెందుకు ఓడాడో అర్థమవుతుంది. సాహిత్య పత్రిక ఒక జడ్జి గురించి సంపాదకీయం రాయడానికి ఆ కారణం చాలు.

1986లో రాసిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పే చూడండి. కేరళలో ఒక బడి. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు అక్కడ చదువుతున్నారు. పొద్దున్నే అసెంబ్లీలో జనగణమన పాడేటప్పుడు అందరితోపాటు లేచి నిలబడతారు, పాడరు. దేవుడికి తప్ప ఇంకెవరికీ, దేనికీ స్తోత్రం చెయ్యకూడదన్నది వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని సంగతి ఒక ఎమ్మెల్యే కంటపడింది, శాసనసభకెక్కింది. విచారణకు వేసిన కమిషన్ పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ చెప్పింది. అయినా 1985 జులైలో వాళ్లను బడి నుంచి పంపేశారు. కేరళ హైకోర్టు కూడా బడి పక్షమే వహించింది.

చిన్నపరెడ్డి, ఎం.ఎం. దత్‌ల ధర్మాసనం ముందు ఆవేశపడడానికి కావలసినంత సరుకుంది. దేశభక్తి మీద ఒకవైపు, మత స్వేచ్ఛ మీద ఇంకోవైపు ఎంతైనా ఉపన్యసించవచ్చు. ఆయన మాత్రం చిన్న ప్రశ్న వేసుకున్నారు. తప్పకుండా పాడి తీరాలని ఏ చట్టం చెబుతోంది? ఏదీ లేదు. విద్యాశాఖ సర్క్యులర్లున్నాయి. సర్క్యులర్ చట్టం కాదు. దాన్ని చూపించి ఒక మనిషి భావ స్వేచ్ఛనూ విశ్వాసాన్నీ తుంచడం రాజ్యాంగం ఒప్పుకోదు. మర్యాదగా లేచి నిలబడ్డవాళ్లు గౌరవించినట్టే. ఆ నమ్మకం మనకు వింతగా తోచినా సరే, వాళ్లు దాన్ని నిజంగా నమ్ముతున్నారా లేదా అన్నదే కోర్టు చూడాలి. అంతే, పిల్లల్ని బడిలో చేర్చుకోమన్నారు.

2016 నవంబరులో సినిమా హాళ్లలో జాతీయగీతం తప్పనిసరని అదే సుప్రీంకోర్టు అన్నప్పుడు జనం ఈ తీర్పునే బయటికి తీశారు. 2018 జనవరిలో ఆ నిర్బంధం తొలగింది. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టగా, హిజాబ్‌తో తరగతికి వస్తామన్న ఆడపిల్లల పక్షాన నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ప్రధానంగా ఆసరా చేసుకున్నది దీన్నే. రాసినాయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఆయన తీర్పులన్నీ ఇలా బతికి బట్టకట్టలేదు. ఉరిశిక్ష పడ్డ ఖైదీ ఎనిమిదేళ్లు ఒంటరి గదిలో చావు కోసం ఎదురుచూసిన వత్తీశ్వరన్ కేసులో, రెండేళ్లు దాటిన జాప్యం శిక్షను యావజ్జీవంగా మార్చడానికి చాలునని 1983 ఫిబ్రవరిలో రాశారు. మార్చిలోనే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ రెండేళ్ల లెక్కను కొట్టేసింది. లెక్క మరీ బిగుతుగా ఉందన్న విమర్శలో నిజముంది. ఆయన చెప్పిన ఊపిరాడని నిరీక్షణలోనూ నిజముంది. క్షమాభిక్ష అర్జీల జాప్యం ముఖ్య కారణంగా 2014 జనవరిలో పదిహేను మందికి ఉరి తప్పించింది సుప్రీంకోర్టు. లెక్క పోయినా బాధ మిగిలింది.

కలకత్తా జూ స్థలంలో తాజ్ హోటల్ కేసు ఇంకోటి. అమెరికా ఆదివాసీ నాయకుడొకాయన నేల గురించి చెప్పాడనే మాటలతో తీర్పు మొదలుపెట్టి, చివరికి హోటల్‌కే పచ్చజెండా ఊపారు! అంత కవిత్వం దేనికని అప్పట్లో పెదవి విరిచినవాళ్లున్నారు. మాకూ ఆ తీర్పు మింగుడుపడదు.

రణధీర్ సింగ్ అనే ఢిల్లీ పోలీసు డ్రైవరు, ఇతర శాఖల డ్రైవర్లతో సమానంగా నాకెందుకు జీతమివ్వరని అడిగితే, 1982లో ఆయన చెప్పిన జవాబు మన ధర్నా చౌక్‌లలో కాంట్రాక్టు ఉద్యోగుల అట్టముక్కల మీద కనిపిస్తుంది: సమాన పనికి సమాన వేతనం. తాత్కాలిక ఉద్యోగులకు కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో మళ్లీ చెప్పింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆ తీర్పును ఎంత గౌరవంగా పక్కన పెట్టాయో ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని అడిగితే చెబుతారు. 1985లో రిజర్వేషన్ల కేసులో, ప్రతిభ తగ్గిపోతుందన్న గోల వెనక పైవర్గాల పెద్దరికం ఉందని ఆయన తేటగా రాసిన మాటలూ అంతే. సభల్లో చప్పట్లు బాగానే కొడతాం.

లా కాలేజీల్లో ఆయన పేరు పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా మిగలకూడదు. బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు పెద్దదేమీ కాదు, ఒక సాయంత్రం చాలు. చదవనివాళ్లు చదవండి. బడిపంతుళ్లు ముందు చదవండి. చదివాక పక్కవాళ్లకు తెలుగులో చెప్పండి.